తెల్లతామర కషాయం

మొన్న శ్రీకాకుళంలో మా కోడలు కొన్న ప్యాకెట్టు మీద తామర గింజలని రాసి ఉంటే, ఒకటి నోట్లో వేసుకుని, ఇవి తామరవి కావని చెప్పేశాను. పచ్చి తామర దుద్దులు చీల్చి, గింజలు ఒలిచి, లోపలి చేదు మొలక తీసి తిన్న నాలుక నాది. పేలాల్లా తేలిపోయే ఈ తెల్లటి మఖానా ఉండల్ని ఎలా ఒప్పుకుంటుంది? అనుమానం మా ఇంటి గుణమే లెండి, అమ్మ నుంచి వచ్చింది.

నరసన్నపేటలో మాది కిరాణా కొట్టు. బెల్లం, చింతపండు తామరాకుల్లోనే కట్టేవాళ్లం కనుక తామరంటే మాకు ఆకే. పువ్వు దేవుడికి, అంతే. అలాంటి ఇంటికి ఇచ్ఛాపురం వైపు నుంచి అన్నయ్య భార్యగా వదిన వచ్చింది, మాటల మధ్య ఒడియా దొర్లించుకుంటూ. తామర తూళ్లు కూర వండేది, దుంపలు వేయించేది, గింజలు ఒలిచి నాకు పెట్టేది, ఎర్రతామరలు వదిలేసి చెరువు నుంచి తెల్లవే ఏరి తెప్పించి రేకులు నీడన ఎండబెట్టేది. అమ్మ ఒక్కటీ ముట్టేది కాదు.

వదిన కాపురానికొచ్చిన ఏడాది ఎండాకాలం అన్నయ్యకు తరచు ముక్కు నుంచి రక్తం కారేది. వదిన ఆ రేకులు మరిగించి, చల్లార్చి, పటికబెల్లం వేసి ఇచ్చేది. కొడుకు తన మాట కంటే పెళ్లాం మాటే ఎక్కువ వింటున్నాడని అప్పటికే గుర్రుగా ఉన్న అమ్మ, వాడికి మందు పెట్టేసిందని తేల్చేసుకుంది. గిన్నె మూత తీసి వాసన చూసేది, ఎండిన రేకులు వేళ్లతో నలిపి చూసేది, తను లేనప్పుడు నన్ను వంటింట్లో కాపలా కూర్చోబెట్టేది. చివరికి, కోడలు పిల్లని పుట్టింటికి పంపేయమని నాన్నతో గట్టిగా చెప్పింది. నాన్న కాదనలేదు, నాకు భయం వేసింది అందుకే.

ఆ మాట చెవిన పడిందేమో, మర్నాడు వదిన కషాయం గ్లాసుతో వచ్చి అమ్మ ఎదురుగా కూర్చుంది.

“ఇందులో ఏటున్నాదో నాను తాగి సూపిస్తాను అత్తా. మిగిలింది నువ్వు తాగు. తాగనంటే ఇప్పుడే బస్సెక్కిపోతాను.”

సగం తాగి గ్లాసు ముందుకు జరిపింది. అమ్మ ముక్కు మూసుకుని గుటగుటా తాగేసి, “పటికబెల్లం ఎక్కువైనాది,” అంది.

పుట్టింటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అలాగని అమ్మ మారిపోయిందనుకోకండి. ముందుగా వదిన ఓ గుక్క తాగితే తప్ప ఆవిడ చేతి కషాయం తను పోయేదాకా ముట్టలేదు. వదిన ప్రతిసారీ తాగి ఇచ్చేది, లోపల నొచ్చుకుందో లేదో నాకు తెలియదు. అన్నయ్యకు మాత్రం నయమైంది, కషాయం వల్లో, వానలు పడటం వల్లో.

అత్తాకోడళ్లిద్దరూ పోయారు. ఎవరి తలుపు వాళ్లదైపోయిన మా ఇళ్లలో ఇప్పుడు ఎవరూ ఎవర్నీ అనుమానించరు. ఒకరి గిన్నెలో ఏం మరుగుతోందో ఇంకొకరికి తెలిస్తే కదా.