మా నాయన ఒంటి చెప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేనికి కొదవున్నా అనుమానానికి మాత్రం కొదవ ఉండేది కాదు. మా అవ్వ, అంటే నాయన తల్లి, పాలు పోసేవాణ్ణి, పాలను, చివరికి పాలు కొలిచే గ్లాసును కూడా అనుమానించేది. ఆ గుణం నాకూ వచ్చింది, దాచుకోవడమెందుకు.

మాది బంగారుపాళ్యం పక్కన మామిడితోటల ఊరు. మా నాయన కాయల గంపలు నెత్తిన పెట్టుకుని తోటలోంచి రోడ్డు మీది లారీకి మోసేవాడు. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. ఒక ఏడాది కోతల కాలంలో ఆయన నడక మారింది. కాళ్ళు బిగుసుకుపోయి, తూలుతూ ఇంటికి వచ్చేవాడు. చొక్కా గుండీలు సరిగా పెట్టుకోలేకపోయేవాడు. అన్నం ముద్ద చేతిలోంచి జారేది. అడిగితే ఎండ అనేవాడు, అలసట అనేవాడు. కల్లంగడి మా దారిలోనే ఉంది కాబట్టి ఊరంతా ఒకే మాట అనుకుంది. అమ్మ ఆయన పక్కన కూర్చున్నప్పుడల్లా మెల్లగా వాసన చూసేది. వాసన రాకపోతే ఇంకా అనుమానం, ఏం నమిలి వచ్చాడోనని.

అంతలో చెప్పుల గోల మొదలైంది. ఒక కాలికి రబ్బరు చెప్పు, రెండో కాలు బోసి. ఇంకొకటి ఎక్కడంటే తెల్లమొహం వేసేవాడు. ఒకసారి ఆ రెండో చెప్పును పక్కింటి అక్క తెచ్చిచ్చింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనక ఒంటరిగా ఉండే ఒకామె వాకిలి ముందు దొరికిందట. అక్క దాన్ని కొంగు చాటున తెచ్చిన తీరు చూస్తేనే అమ్మకు కావలసినంత అర్థమైంది. నాయన ఎన్ని ఒట్లు పెట్టుకున్నా వినకుండా, నన్ను తీసుకుని ఐరాలలోని పుట్టింటికి వెళ్ళిపోతానని గుడ్డలు మూటకట్టింది.

అవ్వ ఒక్కతే ఎటూ తేల్చలేదు. ఆమెకు కొడుకు మీదా నమ్మకం లేదు, కోడలి మాట మీదా లేదు, పక్కింటి అక్క మీద అసలే లేదు. శనివారం తలంటు అయ్యేదాకా ఆగమని అమ్మను ఒప్పించి, ముందురోజు పొద్దుగూకినప్పటి నుంచి కల్లంగడికి పోయే వీల్లేకుండా కొడుకును గడప దాటనివ్వలేదు. ఎప్పుడూ పీట మీద కూర్చోబెట్టి తలంటేది, ఆ రోజు మాత్రం బండ మీద నిలబెట్టింది. సీకాయ రుద్దుతుంటే మంటకు నాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అంతే, నరికిన అరటిచెట్టులా పక్కకు ఒరిగాడు. అవ్వా అమ్మా పట్టుకున్నారు. నీళ్ళు పోసి కళ్ళు తెరిపిస్తే మామూలుగా నిలబడ్డాడు. అనుమానం తీరక అవ్వ మళ్ళీ కళ్ళు మూయించింది. మళ్ళీ ఒరిగాడు.

"తాగినోడు కండ్లు తెరిసినా తూల్తాడు," అంది అవ్వ అమ్మతో. "వీడు మూసుకుంటేనే పడతా ఉండాడు. ఇది కల్లు కాదుమే. ఇంగేందో ఉండాది."

"మరి ఆ చెప్పు సంగతేంది అత్తా?" అంది అమ్మ. ముందు పెద్దాసుపత్రిలో చూపిద్దామంది అవ్వ. చెప్పు సంగతి తేలలేదు కాబట్టి, మేమందరం తిరుపతి బస్సెక్కినా, అమ్మ మూట విప్పలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకునే ఆసుపత్రికి వచ్చింది.

డాక్టరు చిన్న సుత్తితో నాయన మోకాలి కింద కొడితే కాలు ఎగిరిపడింది. గుండీలు పెట్టుకోమంటే వేళ్ళు తడబడ్డాయి. తర్వాత ఆయన, "నడుస్తుంటే చెప్పు జారిపోయినా మీకు తెలియడం లేదా?" అని అడిగాడు. నాయన అవునని తలూపి, లారీకి గంపలు మోసే దారి ఆమె వాకిలి ముందు నుంచే కదా అన్నాడు. అంతవరకూ గోడవైపు మొహం తిప్పుకుని ఉన్న అమ్మ, మూటలో మొహం దాచుకుని ఏడ్చేసింది.

స్కానింగ్ తీశాక, మెడ దగ్గర పూసలు అరిగి, ఎముక పెరిగి, లోపలి వెన్నుపామును నొక్కుతోందని తేలింది. ఏళ్ళ తరబడి నెత్తిన మోసిన బరువు కూడా ఒక కారణం కావచ్చని, మెడకు ఆపరేషన్ చేయాలని అన్నారు.

"కాళ్ళు బాగలేదని వస్తే మెడ కోస్తానంటావేందప్పా?" అని అవ్వ డాక్టరును నిలదీసింది. మెదడు నుంచి కాళ్ళకూ చేతులకూ కబురు ఆ దారినే పోతుందని, ఆపరేషన్ చేసి దానికి చోటిస్తే జబ్బు ముదరకుండా ఆపవచ్చని ఆయన ఓపిగ్గా చెప్పాడు. పోయిన బలమంతా తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేదు. ఆలస్యమైతే మంచాన పడతాడని, మూత్రం మీద కూడా పట్టు తప్పుతుందని అన్నాడు. అవ్వ బయట ఇంకో డాక్టరును ఆపి అదే ప్రశ్న అడిగి, అదే జవాబు విన్నాకే ఒప్పుకుంది. చివరి చెట్టుకు నీళ్ళందకపోతే కాలవ ఎక్కడ పూడిందో పైనుంచి చూసుకుంటూ రావాలి కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆపరేషన్ అయ్యాక నాయన మెడకు పట్టీతో, చేతికర్రతో లేచి నడిచాడు. కాళ్ళ బిగువు పూర్తిగా పోలేదు. మళ్ళీ గంప ఎత్తలేదు, మండీలో కూర్చుని కాయలు ఏరే పనిలో కుదిరాడు. అమ్మ నోటితో క్షమించమని అడగలేదు. ఆసుపత్రి నుంచి బయలుదేరే రోజు తన మూట విప్పి, పాత లంగా నాడా తీసి, ఆయన చెప్పులు జారకుండా మడమల వెనక నుంచి కట్టింది. ముడి సరిగ్గా పడిందో లేదోనని అవ్వ వంగి మళ్ళీ లాగి చూసింది.

అనుమానం మానుకోమని మా అవ్వ ఎన్నడూ చెప్పలేదు. నేనూ మానుకోలేదు. కానీ ఇప్పటికీ ఎవరి మీదైనా అనుమానం కలిగితే, నోరు తెరిచే ముందు ఒకసారి వాళ్ళ కాళ్ళ వంక చూస్తాను.