పీట నడిచిన ద్రాక్షతోట

మా ద్రాక్షతోట వదినె పోయిందని పోయిన వారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. మా అబ్బాయితో అల్వాల్ నుంచి ఆటోలో శామీర్‌పేట చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఏడ్చాను. కాసేపటికి ఆ ఏడుపు ఆగిపోయింది. ఎందుకో చెబుతాను.

మేం బంధువులం కాము. శామీర్‌పేట బడిలో లెక్కలు చెప్పే రోజుల్లో వాళ్ళ తోట పక్కన అద్దెకుండేదాన్ని. ఆమె నన్ను టీచరమ్మా అనేది, నేను వదినె అనేదాన్ని. తొంభైల చివర్లో ఒకసారి మేడ్చల్‌లో నేను దిగుతుండగానే బస్సు కదిలింది. తుంటి ఎముక విరిగింది, వెన్నుకు దెబ్బ తగిలింది. నెలల తరబడి మంచమే. మా అబ్బాయికి సెలవు దొరకని రోజు ఆమే తన కూతురితో కలిసి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. వదినె డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి, "నడుస్తవంట టీచరమ్మా! కర్ర గూడ అక్కర్లేదంట. జర టైం పడ్తదంతే" అంది.

మర్నాడే మొదలుపెట్టింది. ద్రాక్ష పందిరిని మోసే రాతి కడీల్లో మొదటిదాని దగ్గర పీట వేసి, నన్ను లేపి కర్ర చేతికిచ్చింది. కొన్నాళ్ళకు పీట రెండో కడీ దగ్గరికి పోయింది.

"నిన్న ఇక్కడ లేదు కదా వదినె?"

"పీట నడుస్తాంది, నువ్వు నడవవా?"

తిట్టుకుంటూనే నడిచాను. పీట చంకన పెట్టుకుని ఆమె ముందు పోయేది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగేది కాదు. నేను మూలిగితే, "నొప్పి నీ తానుండనీ, నడక నాకియ్యి" అనేది.

మళ్ళీ బడికి వెళ్ళాను. పాఠాలు చెప్పాను, పిల్లల్ని దండించాను. కర్ర మాత్రం పోలేదు. డాక్టరే అక్కర్లేదన్న కర్ర! నాదే బద్ధకమని ఏళ్ళ తరబడి నన్ను నేనే తిట్టుకున్నాను. సిగ్గుతో పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను. ఒకరోజు ఆమె ముందే ఏడ్చి, కర్ర ఎందుకు పోలేదని అడిగాను. "నీ నడుం మొండిది టీచరమ్మా, నీ తీర్గనే" అని గుత్తులు కోయడానికి వెళ్ళిపోయింది.

పోయిన వారం ఆ వాకిట్లో వదినె కూతురు నా చేయి పట్టుకుంది. "ఆఖరిదాంక అమ్మకు మీ ముచ్చటే అత్తమ్మా. ఇగ లేవది అని డాక్టర్ జెప్పినా లేపిన అని మస్తు మురిసేది."

"ఏ డాక్టరు?"

"గా రోజు మనం పోయిన డాక్టరే. మీకు ఎర్క లేదా?"

తప్పుడు లెక్క చేసి సరైన జవాబు రాసిన పిల్లకు నేనెప్పుడూ మార్కు వేయలేదు. మొదట చెప్పకపోవడాన్ని క్షమించగలను. చెప్పి ఉంటే నేను మంచం దిగేదాన్ని కాదు, నా సంగతి నాకు తెలుసు. కానీ ఏడుస్తూ అడిగిన రోజైనా చెప్పాల్సింది. అది మింగుడు పడడం లేదు. ఆమె వెనక్కి ఎందుకు తిరిగేది కాదో, ఆ మొహంలో ఏం దాచేదో ఇప్పుడు తెలిసింది.

తోట అమ్మేశారు, ప్లాట్ల రాళ్ళు పాతారు. ఇంటి వెనక్కి వెళ్ళి చూస్తే ఒక్క వరస కడీలు మిగిలాయి. కూతురు ఆ పాత పీటే తెచ్చి, "కూసో అత్తమ్మా" అంది.

"ఇక్కడ కాదు. ఆ చివరి కడీ కింద పెట్టు" అన్నాను.

పెట్టి వచ్చింది. ముందు నడిచే వీపు లేదు. ఎండలో పీట ఒక్కటే ఉంది. తిట్టుకుంటూనే కర్ర ముందుకు వేశాను.