రెండూ ఇరవైకి ఆగే బస్సు

1999 ఫిబ్రవరిలో నన్ను మడకశిర వైపున్న ఒక బస్సు డిపోకి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. డిపో పేరు రాయను. అప్పటివాళ్లు కొందరు ఇంకా అక్కడే పని చేస్తున్నారు. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరును మా వాడుకలో టి.ఐ. అంటాం. డ్రైవర్లకూ కండక్టర్లకూ పైన, డిపో మేనేజరుకు కింద. బస్సులు వేళకు కదులుతున్నాయా, వేళకు చేరుతున్నాయా, దారిలో ఎవరైనా అనవసరంగా ఆపుతున్నారా అని చూడడం, తప్పు కనబడితే విచారించి కాగితం రాయడం టి.ఐ. పని. నాకు ఆ పని ఇష్టం. ఇంట్లో భోజనం పది నిమిషాలు ఆలస్యమైనా కారణం అడిగేవాణ్ని. "చార్జిషీటు ఇవ్వండి, సంతకం పెడతాను" అనేది మా ఆవిడ.

చేరిన మూడో వారంలో ఒక ఫిర్యాదు వచ్చింది. ఒంటిగంటకు బయలుదేరే ఆర్డినరీ బస్సును డ్రైవరు ఓబులపతి రోజూ నల్లగుట్ట మలుపు దగ్గర ఆపేసి ముప్పావుగంట దాకా కదపడం లేదని పన్నెండు మంది ప్రయాణికులు సంతకాలూ వేలిముద్రలూ పెట్టి రాశారు. ఆ మలుపులో ఊరు లేదు, టీకొట్టు లేదు, నీడ కూడా లేదు. రెండువైపులా వేరుశనగ పీకేసిన బీడు చేలు. అంతసేపు బస్సు ఆపడానికి అక్కడ ఏముందో నాకు అంతుపట్టలేదు. తాగుతున్నాడేమో అనుకున్నాను.

మర్నాడు చెప్పకుండా ఆ బస్సెక్కాను. ఓబులపతికి నలభై ఏళ్లుంటాయి, పన్నెండేళ్ల సర్వీసు. బండి చక్కగా నడిపాడు. రెండూ ఇరవైకి నల్లగుట్ట మలుపు వచ్చింది. చెయ్యి బయటపెట్టి సైగ చేసి, బండిని రోడ్డు దింపి, హ్యాండు బ్రేకు వేశాడు. కండక్టరు ఖాజా అడగకుండానే దిగి చక్రం కింద రాయి పెట్టాడు. తాగినవాడు ఇంత పద్ధతిగా ఆపడని నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు.

ఓబులపతి దిగి చేలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. అరచేత్తో కుడికన్ను అదిమిపట్టుకున్నాడు. కూర్చుంటాడు, లేస్తాడు, పరుగెత్తినట్టు నడుస్తాడు, వచ్చి బస్సు రేకుకు తల కొట్టుకుంటాడు. కంట్లోంచి, ముక్కులోంచి నీరు కారుతోంది. దగ్గరికి పోయి పిలిస్తే "ఇప్పుడొద్దు సార్" అని తోసినంత పని చేశాడు. యాభై నిమిషాలు అంతే. తర్వాత ముఖం కడుక్కుని, నీళ్లు తాగి, ఏమీ జరగనట్టు వచ్చి సీట్లో కూర్చున్నాడు.

ఈలోపు బస్సులోని ఒక ముసలామె నాకు సంగతి వివరించింది. "ఆడ ఏదో ఉండాది నాయనా. ఈ మలుపు కాడికి వస్తానే ఆయప్పకు పట్టుకుంటాది. గుట్ట దాటితే ఇడిసిపెడతాది." చూస్తే రోడ్డు పక్కన ఒక రాయికి పసుపూ కుంకుమా పూసి ఉన్నాయి. చుట్టూ కొబ్బరి చిప్పలు. నేను కొత్తగా వచ్చిన టి.ఐ.ని, దయ్యం మీద రిపోర్టు రాయలేను కదా! తాగుడే అని తేల్చుకున్నాను.

తాగినట్టు అనుమానం వస్తే ప్రభుత్వ డాక్టరుకు చూపించి సర్టిఫికెట్ తీసుకోవాలన్నది నియమం. ఊరు చేరేసరికి నాలుగయింది. డాక్టరు వాసన చూశాడు, నాడి చూశాడు, నడిపించి చూశాడు. మద్యం ఆనవాలు ఏమీ లేదని రాసిచ్చాడు. డిపోలో ఓబులపతిని కూర్చోబెట్టి అడిగాను. అతను నా ముఖం చూడకుండా, "తాగినా సార్" అన్నాడు. రాసిమ్మంటే రాసి సంతకం పెట్టాడు. విచారణ పూర్తయ్యేదాకా సస్పెన్షన్ ఆర్డరు ఇచ్చారు. విచారణాధికారిని నేనే.

మామూలుగా అయితే అక్కడితో నా పని అయిపోవాలి. కానీ ఒప్పుకోలు కాగితం, డాక్టరు కాగితం పక్కపక్కన పెట్టి ఫైలు కట్టబోతే చెయ్యి ఆడలేదు. ఖాజాను పిలిచాను. తలుపు దగ్గరగా వేసి వచ్చి చెప్పాడు. "అల్లా మీద ఆన సార్, శివరాత్రి పోయినంక ఆయప్ప చుక్క ముట్టలేదు. మామూలు దినాల్లో ఆదివారం ఒక క్వార్టరు తాగుతాడు, నేను చూసినా. ఇప్పుడు వాసన తగిలినా దూరం పోతాడు." మరి తాగానని ఎందుకు రాశాడంటే, "అదే నాకూ తెలీదు సార్" అన్నాడు.

ప్రయాణికులు దయ్యమంటారు. డాక్టరు ఏమీ లేదంటాడు. కండక్టరు తాగలేదంటాడు. డ్రైవరేమో తాగానంటాడు. తాగినవాళ్లు తాగలేదని బొంకడం సర్వీసంతా చూశాను. తాగనివాడు తాగానని బొంకడం ఎన్నడూ చూడలేదు. నాకే మతి పోయిందా అనుకున్నాను. మా డిపో మేనేజరు మాత్రం, కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా, ఒప్పుకున్నాడు కదా, ఫైలు మూసెయ్యమన్నాడు.

మూయకుండా ఖాజా ఎస్.ఆర్.లు తెప్పించాను. ఎస్.ఆర్. అంటే కండక్టరు ట్రిప్పు పొడుగునా నింపే కాగితం. ఏ స్టేజీకి ఎన్ని గంటలకు చేరారు, ఎంతమంది ఎక్కారు, దిగారు అన్నీ అందులో ఉంటాయి. ఆదివారం ఇరవై రోజుల ఎస్.ఆర్.లు మంచం మీద పరిచి కూర్చున్నాను. పదిహేడు రోజులు బస్సు నల్లగుట్ట దగ్గరే నిలిచింది. మూడు రోజులు కాదు. ఒకరోజు సంత రద్దీ వల్ల ఇరవై నిమిషాలు వెనకబడి, గుట్టకు రెండు స్టేజీల ముందే ఆగింది. ఒకరోజు టైరు పంక్చరై ఇంకా వెనక ఆగింది. మూడోరోజు బండి రిపేరయి బయలుదేరడమే ఆలస్యమైంది. ఆరోజు దారిలో ఎక్కడా ఆగలేదు. కానీ రెండుంబావు నుంచి మూడు దాటేదాకా డ్రైవరు డిపోలో కనబడలేదని కంట్రోలరు రాసి ఉంచాడు.

ఎక్కడున్నా రెండూ ఇరవైకే. బస్సు మా పట్టిక ప్రకారం నడిచేది కాబట్టి, ఆ వేళకు ఎప్పుడూ నల్లగుట్ట దగ్గరే ఉండేది. మేము వేళ తప్పకుండా బస్సు నడిపి, ఏ పాపమూ ఎరగని మలుపుకు దయ్యాన్ని అంటగట్టాం. అంతవరకు తేలింది గానీ నా అయోమయం తగ్గలేదు, పెరిగింది. చోటును పట్టుకున్న దయ్యం గురించి విన్నాను, గడియారం చూసుకుని వచ్చే దయ్యం ఏమిటి?

మంగళవారం మధ్యాహ్నం రెండుగంటలకు ఓబులపతి ఇంటికి వెళ్లాను. అతని భార్య లక్ష్మీదేవి వాకిట్లో ఉన్న రోకలిని, పార పిడిని పక్కింట్లోకి చేరవేస్తోంది. నన్ను చూసి, "ఇప్పుడొద్దు సార్, ఇంగ పది నిమిషాల్లో వస్తాది" అంది. ఎవరు వస్తారని అడిగాను. "నొప్పి" అంది.

చెప్పినట్టే వచ్చింది. చేలో చూసిందే ఈసారి నాలుగు గోడల మధ్య చూశాను. చేతికి దొరికిన దానితో తల కొట్టుకుంటాడనే రోకలి దాచిందట. లక్ష్మీదేవి గోడకూ అతని తలకూ మధ్య దిండు అడ్డం పెట్టుకుని నిలబడింది. "నాలుగేండ్ల నుంచి ఇంతే సార్. శివరాత్రికి మొదలైతాది, ఉగాది దాటి రెండు మూడు వారాలకు పోతాది. మళ్లా ఏడాది దాకా ఉండదు. పంటినొప్పి అంటే రెండు పండ్లు పీకిచ్చినాము. అద్దాలు మార్పిచ్చినాము. తాయెత్తు కట్టిచ్చినాము." మిగతా సంవత్సరాల్లో ఎలా గడిచిందని అడిగాను. అంతకుముందు అతని డ్యూటీలో రెండింటికి మడకశిరలో గంట విశ్రాంతి ఉండేది. కొత్త డ్యూటీ చార్టులో అది పోయింది.

నొప్పి దిగాక ఓబులపతి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "ముందు ముక్కు మూసుకుంటాది సార్, కన్ను కారుతాది. అప్పుడే బండి పక్కకు తీస్తా. నొప్పితో ఒక్క గజం గూడా నడపలేదు." తర్వాత రెండు చేతులూ జోడించాడు. "తాగినా అనే రాయండి సార్. రోగమని మాత్రం రాయొద్దండి."

అప్పుడు అర్థమైంది. మొదటిసారి తాగి దొరికితే కొన్నాళ్లు సస్పెన్షన్, ఒక ఇంక్రిమెంటు కోత, మళ్లీ స్టీరింగు. రోగమని తేలి అన్‌ఫిట్ అని రాస్తే స్టీరింగు శాశ్వతంగా పోయినట్టే. ఈ రెండు నియమాలూ నాకు కంఠతా వచ్చు, కానీ ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. దయ్యం మాటకు కూడా అతను అడ్డు చెప్పలేదట. దయ్యమైతే రూటు మారుస్తారని ఆశ. నాకు జాలి, కోపం రెండూ కలిగాయి. ముందు ముక్కు మూసుకోకుండా ఒకరోజు నొప్పి నేరుగా వచ్చి ఉంటే, ఆ బస్సులోని యాభై మంది ఏమయ్యేవారు? ఆ మాట అతనితో అనేశాను.

ఆ వారమే అతన్ని బెంగళూరు తీసుకెళ్లాను. అక్కడి నరాల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, నొప్పి వస్తే పడుకుంటావా, తిరుగుతావా అని. "యాడ పండుకుంటాను సార్, పండుకుంటే ఇంగా ఎక్కువైతాది" అన్నాడు ఓబులపతి. డాక్టరు నావైపు తిరిగి మీరేం చూశారన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయన్నాను. రెండు కళ్లా, ఒకటా అని అడిగాడు. గుర్తు చేసుకుంటే ఎర్రబడింది కుడికన్ను ఒక్కటే. తాగుడు రిపోర్టుల్లో అందరమూ కళ్లు ఎర్రబడ్డాయనే రాస్తాం. నేనూ అలాగే రాసి సంతకం పెట్టాను. డాక్టరు ముందు చెప్పడానికి సిగ్గేసింది.

దాన్ని క్లస్టర్ తలనొప్పి అంటారని ఆయన చెప్పాడు. కొన్ని వారాలు గుంపుగా వచ్చి, తర్వాత నెలల తరబడి మాయమవుతుంది. చాలామందికి ఏటా అదే రుతువులో, రోజూ అదే వేళకు, ఒకే పక్క. పార్శ్వపు నొప్పివాళ్లు చీకట్లో కదలకుండా పడుకుంటారు, ఈ నొప్పివాళ్లు ఒకచోట నిలవలేరు. ఆ వారాల్లో ఒక గుక్క మద్యం తాగినా నొప్పి లేస్తుంది. పూర్తిగా పోగొట్టే మందు లేదు. నొప్పి మొదలవగానే మాస్కు పెట్టి పావుగంట జోరుగా ఆక్సిజన్ ఇస్తే చాలామందికి దిగుతుంది. సీజను పొడుగునా మాత్రలు, గుండె పరీక్షలు. ఆ వారాల్లో స్టీరింగు ముట్టకూడదు, మిగతా కాలం నిక్షేపంగా నడపవచ్చు. ఈ చివరి రెండు మాటలూ కాగితం మీద రాసిమ్మని అడిగి తీసుకున్నాను.

ఆక్సిజన్ అనగానే మా వర్క్‌షాపు మెకానిక్కు ఉత్సాహం వచ్చింది. "మన వెల్డింగు సిలిండర్ ఉండాది కదన్నా!" అన్నాడు. నోరు మూసుకోమన్నాను. బస్టాండు పక్కనున్న ప్రభుత్వాసుపత్రిలో నర్సమ్మను బతిమాలుకుంటే, డాక్టరు చీటీ చూసి ఒక మూల కుర్చీ వేయించింది. మొదటిరోజు ఓబులపతి జేబులో బీడీకట్ట, అగ్గిపెట్టె చూసి, ఆక్సిజన్ దగ్గరికి నిప్పు తెస్తావా అని బయటికి తరిమింది. అవి నాకిచ్చి లోపలికి పోయాడు. రెండూ ఇరవైకి మాస్కు పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. పన్నెండు నిమిషాలకు తల ఎత్తి గోడ గడియారం చూశాడు, నన్ను చూశాడు. నాలుగేళ్లలో మొదటిసారి మూడు కొట్టకముందే తగ్గిందని ఏడ్చాడు. నేను బీడీకట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు పని చేసింది, కొన్ని రోజులు చేయలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇక మిగిలింది ఫైలు. తాగానని అతనే రాసిచ్చాడు కాబట్టి తాగలేదని నేను నిరూపించాలి. నిరూపిస్తే అధికారికి అబద్ధం రాసిచ్చిన నేరం మిగులుతుంది. ఎస్.ఆర్.లు, ఇద్దరు డాక్టర్ల కాగితాలు జతచేసి, తాగుడు ఆరోపణ నిలవదని, నా మొదటి రిపోర్టు తప్పని రాశాను. అబద్ధం రాసినందుకు అతనికి ఒక మందలింపు, తొందరపడి రాసినందుకు నాకొకటి వచ్చాయి. బెంగళూరు డాక్టరు కాగితం చూసి అన్‌ఫిట్ అని మాత్రం ఎవరూ రాయలేదు. మేనేజరు అతనికి ఆ వారాల్లో డీజిలు బంకు దగ్గర డ్యూటీ వేశాడు. ఆరేళ్లు నేను అక్కడున్నాను. ఏటా శివరాత్రి చుట్టుపక్కల అతనే వచ్చి, "మొదలయింది సార్" అని చెప్పి లైసెన్సు నా బల్ల మీద పెట్టేవాడు.

2005లో నాకు గుంతకల్లు వైపు బదిలీ అయింది. చివరిరోజు ఓబులపతి టీ తెచ్చిచ్చాడు. మొదటిరోజే నిజం చెప్పి ఉంటే ఇంత తతంగం ఉండేది కాదు కదా అన్నాను.

"చెప్పింటే మీరేం రాసిందురు సార్?" అన్నాడు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అన్‌ఫిట్ అని రాసేవాణ్ని" అన్నాను.

అతను తల ఊపి ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరు నేరం ఒప్పుకున్నా నేను వెంటనే కాగితం చేతికివ్వలేదు. ఒప్పుకోకపోతే నీకేం పోతుంది అని ముందు అడిగేవాణ్ని. జవాబులు ఎక్కువగా నేరం గురించి ఉండేవి కావు.