అర క్షణం

హిందీ మాట్లాడే గుఢియారీలో, రైల్వే క్వార్టర్లలో ఉండే సన్యాసిరావు దేన్నీ మెకానిక్ చేతికివ్వడు. పాత కంప్యూటర్‌లో లారీ నడిపే ఆట నత్తనడక నడుస్తుంటే మూత విప్పి దుమ్ము ఊదుతాడు; ఆట సెట్టింగుల్లోకి వెళ్లి తెర మీది వాననీ, చెట్ల నీడల్నీ తీసేస్తాడు. అయినా బల్ల కింద అమర్చుకున్న ఆట పెడల్ మీద బ్రేకు నొక్కిన అర క్షణానికి గాని ఆ లారీ ఆగదు. ఆయన కాలు ఆ ఆలస్యానికి ఎప్పుడో అలవాటుపడిపోయింది. మొన్న ఆదివారం కారుకి జాకీ పెట్టి, చెమటలు కక్కుతూ బ్రేకు ప్యాడ్లు తనే మార్చాడు. కొత్తవి వేశాక పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కితేగాని బ్రేకు పట్టదన్న సంగతి మరిచి, బండి కదిలించాడు. కూతురు పూర్ణిమ ఎదురుగా నిలబడి, "ఆనే దో, రానీ నాన్నా" అంటూ దారి చూపుతోంది. తొక్కగానే పెడల్ మెత్తగా అడుగుకంటా దిగిపోయింది. ఆయన కంగారుపడలేదు, ఆగుతుందిలే అని, ఆటలోలాగే చూస్తూ కూర్చున్నాడు. "నాన్నా, రోకో!" అని అరుస్తూ పూర్ణిమ పక్కకు దూకింది. బంపరు వెళ్లి గోడకు గుద్దుకుంది.

సాయంత్రం పెడల్‌ని పదిసార్లు తొక్కి, గట్టిపడిందని చూపించాడు. "రామ్మా, ట్యూషన్‌కి దింపుతాను."

"వద్దులే నాన్నా, ఆటోలో ఎల్లిపోతాను," అంది పూర్ణిమ, ఆయన కాలి వంకే చూస్తూ.