మిద్దె మీద చిలకపచ్చ పలక

నా చిన్నప్పుడు మా మిద్దె మీద మనుషులకన్నా రంగులే ఎక్కువ ఎండకు మాడేవి. బళ్ళారి బజారులో మా తాతయ్యకు పెయింట్ల అంగడి ఉండేది. కొత్త రకం ఏది వచ్చినా ఆయన వెంటనే అమ్మేవాడు కాదు. పీటంత సిమెంటు పలకలు చేయించి, ఒక్కోదానికి ఒక్కో రంగు పూసి, మిద్దె మీద దక్షిణం వైపు వాలుగా నిలబెట్టేవాడు. ప్రతి పలకలో సగానికి ఒక రేకు పట్టీ కట్టేవాడు. ఒక ఎండాకాలం, నాలుగు వానలు పోయాక పట్టీ విప్పి, నీడలో ఉన్న సగాన్నీ ఎండ తిన్న సగాన్నీ పక్కపక్కన చూసేవాడు. “డబ్బా మీది మాట కంపెనీది, మిద్దె మీది మాట నాది” అనేవాడు. మా అవ్వకు మాత్రం ఆ పలకలంటే ఒళ్ళు మంట. సండిగెలు, అవే వడియాలు, ఆరబెట్టుకోవడానికి ఆమెకు చోటు మిగిలేది కాదు మరి.

ఆ ఏడు ఎమ్మిగనూరు నుంచి ఒక అత్త మా అంగడికి వస్తూ ఉండేది. కాలువ కింద వరి పండించుకోవడానికి గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఎన్నో ఏళ్ళు రేకుల కొట్టంలో సర్దుకుని, అప్పటికి సొంతంగా ఇల్లు కట్టుకున్నారు. వచ్చినప్పుడల్లా నాకు చెరుకు ముక్కలు తెచ్చేది, “బంగారం” అని పిలిచేది. మా ఇంట్లో నన్ను అలా పిలిచే నాథుడే లేడు! ఆమెకు చిలకపచ్చ మీద మనసు పడింది. బస్సు దిగిన వాళ్ళందరికీ తన ఇల్లు దూరం నుంచే కనపడాలని ఆమె కోరిక. ఎండాకాలం పోయేదాకా ఆగమన్నాడు తాతయ్య. ఆమె సరేనని, ఉత్త సిమెంటు గోడల ఇంట్లోనే కాపురం పెట్టింది.

వేసవి సెలవుల్లో కాకులు రాకుండా సండిగెలకు కావలి ఉండటం నా పని. రెండు వారాలు తిరిగేసరికి నీలం పలక వెలవెలబోవడం నా కళ్ళబడింది. రేపు చిలకపచ్చ కూడా ఇలాగే అయితే తాతయ్య వద్దంటాడు, అత్త ముఖం చిన్నబోతుంది. నేను పెద్ద తెలివైనదాన్ని కదా, తాతయ్య అంగడికి పోగానే ఆ చిలకపచ్చ పలక మీద గోనెసంచి కప్పడం మొదలుపెట్టాను. సాయంత్రం ఆయన వచ్చేలోగా తీసేసేదాన్ని. మిగతా రంగులన్నీ మాడి చస్తుంటే నా పలక ఒక్కటే కొత్త పెళ్ళికూతురిలా నీడపట్టున కూర్చునేది. నేనేదో పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను.

వానలు పడ్డాక ఒక అమావాస్య నాడు అంగడికి సెలవు కావడంతో, అత్తనూ ఆమె భర్తనూ తాతయ్య మిద్దె మీదికి తీసుకొచ్చాడు. నేనూ వెనకే ఎక్కాను. ఒక నల్లగుడ్డతో ఒక్కో పలకనూ రుద్దాడు. నీలం నుంచి సుద్దముక్క అరిగినట్టు పొడి రాలింది. ఎరుపు పలక పట్టీ విప్పితే రెండు సగాలూ రెండు వేరే రంగుల్లా ఉన్నాయి. ఇటుకరంగు ఒక్కటే కాస్త పరువు నిలబెట్టుకుంది. చివరికి చిలకపచ్చ. గుడ్డకు పొడి అంటలేదు, పట్టీ విప్పినా తేడా లేదు. అత్త చప్పట్లు కొట్టినంత పని చేసింది. “చూశారా సెట్టిగారూ, నా మనసు ఊరికే పడలేదండీ! రేపే పని మొదలెట్టించేస్తాం” అంది.

తాతయ్య పలక మూలలు వేలితో తడిమి చూశాడు. ఖనిజం లారీలు రేపే ఎర్రదుమ్ము మిగతా పలకల మూలల్లో వానకు కూడా పోకుండా పట్టుకుని ఉంది, దీనికి లేదు. అంచున అంటుకున్న ఒక గోనె పోగును గోటితో తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను చూశాను. నేను చూడటం ఆయనా చూశాడు. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. ఆయన మాత్రం అత్త వైపు తిరిగి, “ఎండాకాలమంతా ఈడ కావలుండింది మా పాపేనమ్మా. నాకన్నా దానికే బాగా తెలుసు” అన్నాడు. తర్వాత నన్ను ముందుకు పిలిచాడు. “నువ్వే సెప్పు పాపా. ఈ బిసిలుకు, ఈ ఎండకు, ఇది నిలుస్తాదా? నువ్వు ఎయ్యమంటే ఎయ్యిస్తారు.”

అత్త నా వైపు ఎంత నమ్మకంగా చూసిందో! ఊఁ అంటే చాలు, ఆమె ఎగిరి గంతేసేది. కానీ మరో ఎండాకాలానికి ఆ కొత్త ఇల్లు తెల్లగా పాలిపోయి, బస్సు దిగిన ప్రతివాడికీ కనపడుతూ నిలబడటం నా కళ్ళకు కట్టింది. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. “నేను గోనెసంచి కప్పినా అత్తా, దినామూ కప్పినా” అని బావురుమన్నాను.

ముందు ఆమె భర్త ఫక్కున నవ్వాడు. అత్త నన్ను దగ్గరికి లాక్కుని కొంగుతో ముక్కు తుడిచింది. “ఓసి నా బంగారం! మరి మా ఇల్లంతటికీ ఎన్ని గోనెసంచులు కప్పేదానివే?” అంది. తాతయ్యకు కళ్ళలో నీళ్ళొచ్చేంత నవ్వు. ఆ తర్వాత అత్త బయటి గోడలకు ఇటుకరంగు వేయించి, చిలకపచ్చను ఎండ తగలని పడకగదికి పెట్టుకుంది. గృహప్రవేశం అప్పుడే అయిపోయినా, ఆ గది చూపించడానికే మమ్మల్ని మళ్ళీ భోజనానికి పిలిచింది.

అబద్ధమాడకూడదని నాకు బడిలో చెప్పారు, ఇంట్లో చెప్పారు. అవేవీ నాకు పట్టలేదు. నా ఒక్క మాట నమ్మి ఎదుటి మనిషి తన ఇంటికి అదే చేసేస్తుందని తెలిసింది మాత్రం ఆ రోజే. ఇప్పుడు నాకూ మనవరాళ్ళున్నారు. చదువనీ, సంబంధమనీ, “నువ్వే చెప్పవ్వా” అంటూ వస్తారు. వాళ్ళకు నచ్చే మాటే ముందు నాలుక మీదికి వస్తుంది, నా బుద్ధి ఇంకా అదే! అందుకే కాసేపు ఆగుతాను. అవ్వకు చెవుడొచ్చిందని వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నన్నే నమ్మి చూసిన ఆ అత్త ముఖం ఒకసారి కనపడితే గానీ నేను నోరు తెరవను.