దిష్టి తగిలిన కంప్యూటర్

నేను గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్లో లెక్కలు చూస్తాను. సీజన్ మధ్యలో మా కంప్యూటర్ దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది. "ఎవరి కళ్లు పడ్డాయో!" అంటూ ఓనరుగారి తల్లి, మా అందరికీ మామ్మగారు, దానికి నిమ్మకాయ కట్టారు.

దుమ్ము పట్టి వేడెక్కుతోందని నా అనుమానం. ఒక మధ్యాహ్నం దుమ్ము ఎలా దులపాలో వీడియో చూసి, స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, సీపీయూని వసారాలోకి మోసుకెళ్లాను. ముక్కుకు చున్నీ కట్టుకుని, పక్క రేకు విప్పి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ నొక్కాను. జాగ్రత్తలన్నీ తీసుకున్నాను గానీ, అది మిర్చి కొట్టు దుమ్మన్న సంగతే మరిచిపోయాను.

ఎర్రటి మేఘం లేచింది. బజారంతా తుమ్ములు, దగ్గులు. "ఒరేయ్, టిక్కీలు అంటుకున్నాయిరా!" అని ఎవరో అరిచారు. మిర్చి బస్తాలు తగలబడుతున్నాయనుకుని హమాలీలు బక్కెట్లతో పరుగెత్తుకొచ్చారు. కళ్లు మండిపోతుంటే సీపీయూకి అడ్డంగా నిలబడి, "నీళ్లు పొయ్యొద్దు! మంట కాదు, కంప్యూటర్!" అని కేకలు పెట్టాను. ఒక బక్కెట్ అప్పటికే నా నెత్తిన పడింది.

రేకు బిగించి పెడితే సాయంత్రం దాకా కంప్యూటర్ ఆగకుండా నడిచింది. ఇప్పటికీ నేను బ్లోయర్ ముట్టుకుంటే చాలు, బజారంతా ముక్కులకు తువ్వాళ్లు కడుతుంది. నేను మరిచిపోలేనిది మాత్రం మామ్మగారి తీర్పు. ముక్కు తుడుచుకుంటూ నిమ్మకాయ విప్పేసి అన్నారు:

"దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, దిష్టి ఉంటే ఘాటు రాదమ్మాయ్. ఇంత ఘాటొచ్చిందంటే దీనికి దిష్టీ లేదు, పాడూ లేదు. వట్టి దుమ్మే!"