కూర్మమ్మ చదివిన కత్తెర తగాదా

మలయా దేశంలో బంటింగు దగ్గరి ఒక రబ్బరు తోటలో నేను తెలుగు బడి పంతుల్ని. పంతుల్నన్న మాటేగాని, తోటలో చదువుకున్న మనిషి ఎవరని అడిగితే అందరూ కూర్మమ్మ పేరే చెప్పేవారు. అందులో తప్పేమీ లేదు. తోటకి వచ్చే పేపరు తమిళం. నాకు తమిళం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కూర్మమ్మ వేరే తోటలో పుట్టి, అక్కడి తమిళ బడిలో మూడో తరగతి దాకా చదివింది. మా తోటలో తాతబాబుని పెళ్ళాడి వచ్చి, మొగుడితో పాటు పాల కోసం రబ్బరు చెట్లు గీసేది. ఆ మూడు తరగతుల ముందు నా ఇరవై ఏళ్ళ పంతులుగిరీ దిగదుడుపే.

అవి మలయాలో తెల్లదొరలు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్నవాళ్ళకి అన్నం అందకూడదని సర్కారు మా లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేయించి, ఒకే ఒక్క గేటు పెట్టింది. చీకటి పడితే ఎవరూ బయటికి పోకూడదు. పొద్దున్నే గేటు దగ్గర వరస కట్టి, బియ్యపు గింజగాని పంచదార పలుకుగాని ఒంటిమీద లేదని వెతికించుకుని, అప్పుడు పనికి పోవాలి. నా బడి పాక కంచె అవతల ఉండేది కాబట్టి నేనూ ఆ వరసలోని వాణ్ణే. నా గొడుగు కూడా విప్పి దులిపి చూసేవారు. ఒక్క గింజా ఎప్పుడూ రాల్లేదు, అయినా రోజూ దులిపేవారు.

ముప్పావు గంట ఊరికే నిలబడితే కాళ్ళు పీకుతాయి, నోళ్ళు ఊరుకోవు. నీళ్ళ కుళాయి దగ్గరి తగువులన్నీ అక్కడే తిరగబెట్టేవి. ఈ గోల పడలేక కూర్మమ్మ ఒకరోజు గుమాస్తా భార్య మీనాచ్చిని అడిగి ముందురోజు పేపరు తెచ్చుకుంది. గేటు దీపం కింద నిలబడి చదవడం మొదలుపెట్టింది. కళ్ళు తమిళం చూస్తుండేవి, నోరు తెలుగు చెబుతుండేది. రబ్బరు ధర ఎంత, రేషను బియ్యం ఎంత, ఎక్కడ కాల్పులు జరిగాయి, ఎక్కడ కర్ఫ్యూ ఎత్తేశారు, అన్నీ పొల్లుపోకుండా చెప్పేది. వారం తిరిగేసరికి పేపరు వినడం కోసమే జనం ముందుగా వచ్చి వరస కట్టడం మొదలుపెట్టారు. సర్కారు పెట్టిన గేటుని తిట్టుకోకుండా నిలబడ్డది ఆ కాసేపే.

మెర్డేకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, దగ్గరపడ్డాక ఆ పేపరుకి కొత్త జబ్బు పట్టుకుంది. కౌలాలంపూరులో మనవాళ్ళని ఉద్ధరించడానికి ఇద్దరు నాయకులుండేవారు, మణియం అని ఒకరు, అరుముగం అని ఒకరు. ఇద్దరూ తోడల్లుళ్ళు. ఏదో బడి ప్రారంభానికి ఇద్దరూ వెళ్ళారు. రిబ్బను ఒకటి, కత్తెర ఒకటి, చేతులు నాలుగు. రిబ్బను ఎవరు కత్తిరించారో ఈనాటికీ తెలియదుగాని, మర్నాడు మొదటి పేజీ నిండా అదే. ఆ కత్తెర నేను కొన్నదని మణియం ప్రకటన. కాదు, అది నా భార్యది, వాళ్ళక్క తీసుకుపోయి తిరిగివ్వలేదని అరుముగం ప్రకటన. మూడోరోజు కత్తెర ఫోటో వేశారు. నాలుగోరోజు ‘కత్తెర ఎవరిది?’ అని సంపాదకీయం రాశారు. ఆ తర్వాత ఒక పెళ్ళిలో అరుముగం నమస్కారం పెడితే, మణియం బదులు నమస్కారం పెట్టకుండా కళ్ళజోడు తుడుచుకున్నాడట. దానికి పేపర్లో రెండు కాలమ్‌లు. ఇంతకీ ఆ బడికి పలకలు వచ్చాయా, పంతుళ్ళకి జీతాలు వచ్చాయా అంటే ఒక్క ముక్క లేదు. పంతుల్ని కాబట్టి నాకు ఒళ్ళు మండిపోయేది.

నెల గడిచేసరికి వరసంతటికీ విసుగు పుట్టింది. “ఇదిగో, మళ్ళీ తోడల్లుళ్ళు వొచ్చినారు” అని కూర్మమ్మ అనడం ఆలస్యం, “దాటెయ్ కూర్మప్పా!” అని అందరూ ఒక్కగొంతుతో అరిచేవారు.

“ఆళ్ళ కత్తెరకి మన జుత్తైనా తెగదు, ఇంకెందుకమ్మా? దాటెయ్” అనేవాడు బంగారయ్య. ఆయన తోటలో పెద్దమనిషి. తెల్లటి గుబురు మీసాలు, నెత్తిన తలపాగా. ఆ మీసాల సంగతి తర్వాత వస్తుంది.

క్రమంగా కూర్మమ్మ తోడల్లుళ్ళ పేజీని ఇంటి దగ్గరే లోపలికి మడిచి తెచ్చేది. దాటెయ్యడం మాకు అలవాటైపోయింది. ఆ అలవాటే కొంప ముంచింది.

మెర్డేకా వచ్చింది. ఏడాదిలోగా అర్జీ పెట్టుకున్నవాళ్ళకి మలాయ్ భాష పరీక్ష లేకుండా పౌరసత్వం ఇస్తామన్నారు. యాభై ఎనిమిది ఆగస్టు ఆఖరుతో గడువు సరి. కూర్మమ్మలాగా ఇక్కడే పుట్టి కాగితాలున్నవాళ్ళు క్లాంగు పట్నంలోని ఆఫీసుకి వెళ్ళి పని చేసుకున్నారు. చిక్కల్లా తాతబాబుది. శ్రీకాకుళం వైపు పుట్టి, తొమ్మిదో ఏట మేనమామ చెయ్యి పట్టుకుని ఓడ దిగినవాడు. మేనమామ ఎప్పుడో పోయాడు. పుట్టినట్టూ కాగితం లేదు, వచ్చినట్టూ కాగితం లేదు. అదే ఓడలో వచ్చిన బంగారయ్య ఒక్కడే సాక్షి. పోనీ పరీక్షకి వెళ్దామంటే, తాతబాబుకి మలాయ్ సంతలో చేప ధర అడిగేటంత వచ్చు, బేరమాడేటంత రాదు. పరీక్ష అన్న మాట వింటేనే చెమటలు పట్టేవి.

“నానేమో ఈ దేశందాన్ని అయిపోనాను. మా మావ ఆ దేశపోడిగా ఉండిపోతే ఎలాగ పంతులుగోరూ? రేపు పొమ్మంటే ఏటి సేస్తాడు? ఊరి పేరు తప్ప ఆడికి అక్కడ ఏటీ తెలీదు. ఒక గదిలో రెండు దేశాలేటి?” అంది కూర్మమ్మ నాతో. నవ్వుతూనే అంది. కాని భయపడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. తాతబాబు పక్కన నిలబడి చెప్పులు చూసుకుంటున్నాడు.

క్లాంగు దాకా పోనక్కర్లేదు, అధికారులే బంటింగు వచ్చి క్యాంపు పెడతారు, తేదీ పేపర్లో పడుతుందని గుమాస్తా చెప్పాడు. ఆనాటి నుంచి కూర్మమ్మ పేపరంతా జల్లెడ పట్టేది, తోడల్లుళ్ళ పేజీ ఒక్కటి తప్ప.

ఆగస్టు పన్నెండు, మంగళవారం. తెల్లారకముందే వాన పట్టుకుంది. చెట్టు తడిస్తే గీత లేదు, గీత లేకపోతే కూలి లేదు. జనమంతా లైను చివరి కొట్టంలో చేరి కూర్చున్నారు. కబుర్లన్నీ అయిపోయాయి, వాన తగ్గలేదు.

“కూర్మప్పా, ఆ దాటేసినవన్నీ పట్టుకురావే. ఇయ్యాల ఇందాం” అన్నారెవరో.

ఆమె పెట్టె అడుగున పరిచిన పాత పేపర్లన్నీ తెచ్చింది. చదవడమంటే ఉత్త చదవడం కాదు, ఆట కట్టింది. మణియానికి ముక్కుతో మాట్లాడే గొంతు పెట్టింది. అరుముగానికి మాటమాటకీ దగ్గు పెట్టింది. తాతబాబు పొయ్యి పట్టకారు తెచ్చి కత్తెరలాగా ఆడిస్తూ ఇద్దరి మధ్యా తిరిగాడు. బంగారయ్య తలపాగా ఊడదీసి కొంగు కప్పుకుని, చెల్లెలి కత్తెర ఎత్తుకుపోయిన అక్కగారయ్యాడు. నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పెట్టాయి. అరుముగంగారి పన్నెండో ప్రకటన వచ్చింది.

“ప్రజల కోసం పగలూ రాత్రీ పాటుపడి, ఆగస్టు పదో తేదీ ఆదివారం బంటింగు బళ్ళో పౌరసత్వం క్యాంపు పెట్టిస్తున్నది నేను. దాన్ని తనదని చెప్పుకోవడానికి నా తోడల్లుడికి సిగ్గు...”

కూర్మమ్మ దగ్గు ఆగిపోయింది. ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది, ఈసారి తన గొంతుతోనే. పదో తేదీ అంటే మొన్నటి ఆదివారం. తాతబాబు చేతిలో పట్టకారు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

“నానే దాటేసినాను” అంది కూర్మమ్మ.

“నువ్వేటి సేసినావు? దాటెయ్‌మన్నది మేవు గదా” అన్నాడు బంగారయ్య, నెత్తిమీద కొంగు తీసేస్తూ.

నాకు మాత్రం ఆమె మీదా రాలేదు, మా మీదా రాలేదు కోపం. కత్తెరకి ఫోటో వేశారే, ఆ తేదీకి విడిగా నాలుగు మాటల చోటు లేకపోయిందా? బతుకుతెరువు కబురుని తీసుకెళ్ళి తోడల్లుళ్ళ రచ్చ అడుగున పాతిపెట్టడానికి ఎంత తెలివి కావాలి!

ఇక క్లాంగు ఆఫీసే గతి. తోటలో ఇన్నేళ్ళుగా ఉన్నాడని దొర సంతకం కావాలి. దొర సెలవు మీద కొండల మీదికి పోయాడు. సంతకం చేతికొచ్చేసరికి ఇరవై తొమ్మిది సాయంత్రం. ముప్ఫై శనివారం, ఆఫీసు ఒంటిగంటకే మూసేస్తారు. మొదటి బస్సుకే కూర్మమ్మ, తాతబాబు, బంగారయ్య, నేను బయల్దేరాం. మాలాగే ఆఖరి రోజుకి మిగిలినవాళ్ళు ఆఫీసు చుట్టూ చీమల బారు కట్టి ఉన్నారు.

పన్నెండు దాటాక రెండు కార్లు వచ్చాయి. ఒక దాంట్లోంచి మణియం, రెండో దాంట్లోంచి అరుముగం దిగారు. ప్రజలకి సాయపడడానికి వచ్చారట. సాయం అంటే ఫోటో. మంచి ఫోటోకి మంచి మొహం కావాలి. బంగారయ్య మీసాలు ఇద్దరి కళ్ళలోనూ ఒకేసారి పడ్డాయి. అటు చెయ్యి ఒకరు, ఇటు చెయ్యి ఒకరు పట్టుకుని ఆయన్ని బయటికి లాక్కుపోయారు. ఇద్దరూ చెరో దండ వేశారు. మొదటిసారి మణియంగారి కళ్ళు మూసుకుపోయాయని మళ్ళీ తీశారు. తనని ఎడమవైపు నిలబెట్టారని అరుముగంగారు అలిగితే మూడోసారి తీశారు. లోపల ఆఫీసు గుమాస్తా “సాక్షి బంగారయ్య!” అని మూడుసార్లు పిలిచాడు. కూర్మమ్మ పరుగున వెళ్ళి జనంలోంచి ఆయన్ని లాగి, దండలతో సహా తీసుకొచ్చేసరికి గడియారం ఒకటి కొట్టింది, కిటికీ పడిపోయింది. మర్నాడు ఆదివారంతో గడువు సరి, ఇక తాతబాబుకి పరీక్ష తప్పదు.

సోమవారం పేపర్లో ఆ ఫోటో పడింది. తోడల్లుళ్ళ మధ్యన రెండు దండలతో మా బంగారయ్య. ‘కుడివైపు నిలబడే హక్కు ఎవరిది?’ అని పైన పెద్దక్షరాలు.

“నా సాచ్చి పేపర్లో పడ్డాడు. నానే ఎక్కడా పడలేదు” అన్నాడు తాతబాబు. ఆ మాటకి వరసలో ఎవరూ నవ్వలేదు.

మర్నాడు కూర్మమ్మ గేటు దగ్గర కొత్త శాసనం చేసింది. “ఇకమీద తగాదాయే ముందు సదువుతాను. దాటెయ్ అన్నోల్లు ఎనక్కెళ్ళి నిలబడండి. బియ్యంలో రాళ్ళున్నాయని బియ్యం పారబోస్తామేటి? ఏరుకుంటాం.”

ఆ రోజు నుంచి తోడల్లుళ్ళని అక్షరం వదలకుండా విన్నాం. కషాయం తాగినట్టు మొహాలు పెట్టుకుని విన్నాం. అప్పటికి సోదాలు తగ్గినా గేటూ ఉంది, గేటు దగ్గర మట్ దిన్ అనే మలాయ్ పోలీసూ ఉన్నాడు. మా మూలుగులు చూసి అతనికి కుతూహలం పుట్టి, “అపా చెరిటా?” అన్నాడు ఒకరోజు. కథేమిటని.

కూర్మమ్మ మొగుణ్ణి ముందుకు తోసింది. “సెప్పు మావా. నీకే గదా కావాలి.”

తాతబాబు మొదటిరోజు రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి “గుంటింగ్” అన్నాడు, అంతే. కత్తెర అన్న ఆ ఒక్క మాటే వచ్చు. మట్ దిన్ పడీ పడీ నవ్వి, మిగతా మాటలు తనే అందించాడు. రోజూ పేపరు వచ్చేది, రోజూ తగాదా ఉండేది, రోజూ తాతబాబు మలాయ్‌లో చెప్పాల్సి వచ్చేది. నా బడిలో ఏ పిల్లాడికీ ఇంత క్రమంగా పాఠం జరగలేదు. ఏడాది తిరిగేసరికి మణియంగారు కళ్ళజోడు తుడుచుకున్న తీరు కూడా మలాయ్‌లో వర్ణించగలిగాడు.

మళ్ళీ అర్జీ పెడితే యాభై తొమ్మిదిలో పరీక్షకి పిలుపు వచ్చింది. మళ్ళీ నలుగురం వెళ్ళాం. ఈసారి కూర్మమ్మ బంగారయ్య చెయ్యి వదిలిపెట్టలేదు. పెద్దమనిషి సిగ్గుపడినా వదల్లేదు. సాక్ష్యం అయింది. తర్వాత అధికారి తాతబాబుని ఎదురుగా కూర్చోబెట్టి, నీకిష్టమైంది ఏదైనా మలాయ్‌లో చెప్పు అన్నాడు. మేము గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని వింటున్నాం. కూర్మమ్మ నా గొడుగు లాక్కుని రెండు చేతులా పిసికేస్తోంది.

అప్పుడు వినపడింది. “అడా దువా ఓరాంగ్, సతు గుంటింగ్...” ఇద్దరు మనుషులున్నారు, కత్తెర ఒకటి.

ఇక తాతబాబు ఆగలేదు. రిబ్బను, అక్కాచెల్లెళ్ళు, సంపాదకీయం, కళ్ళజోడు, కుడివైపు. అధికారి మొదట నవ్వాడు. తర్వాత ఎవరి కథో పోల్చుకున్నాడు. తల పట్టుకున్నాడు. “మలాయ్ పేపర్లోనూ ఇదే, రేడియోలోనూ ఇదే, ఇప్పుడు నా బల్ల దగ్గర కూడా ఇదేనా! చుకుప్ లా! చుకుప్!” చాలు, చాలు అని వేడుకుంటూ ముద్ర గుద్దేశాడు.

కూర్మమ్మ బయటికొచ్చిన మొగుణ్ణి వీపు మీద రెండు చరిచి, అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. నా గొడుగు పుల్ల ఒకటి విరిగింది, అడగలేదు.

తోడల్లుళ్ళు ఇద్దరూ కలిసి మాకు చేసిన మేలు అదొక్కటే. తిరిగొచ్చే బస్సులో కూర్మమ్మ మా చేత ఒట్టు వేయించుకుంది, ఈ సంగతి వాళ్ళిద్దరి చెవినా పడకూడదని. పడితే ఆ పౌరసత్వం ఎవరి వల్ల వచ్చిందని ఇంకో నలభై రోజులు పేపరు నిండేది. దాని అడుగున ఇంకెవరి తేదీయో పడి ఉండేది.